ఆటిజమా, భాషా రుగ్మతా? ఏ పేరు రాయించుకోవాలి?

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్ళు నిండి రెండు నెలలు. రెండున్నరేళ్ళు వచ్చేదాకా 'అమ్మ', 'తాత' తప్ప మరో మాట లేదు. ఇప్పుడు మూడు నాలుగు మాటలు కలిపి చెబుతున్నాడు గానీ వరుస తప్పిపోతుంది. కొంచెం పెద్ద వాక్యం చెబితే మా మొహం చూస్తూ నిలబడిపోతాడు. మేము అన్న మాటే కొన్నిసార్లు తిరిగి అంటాడు. తోటిపిల్లల దగ్గరకు ఉత్సాహంగా వెళ్తాడు, కాసేపటికి ఒంటరిగా మిగిలిపోతాడు. ఆటిజం ఉందేమో చూపించమని బడిలో టీచరు అన్నారు. ఒక డాక్టరు పది నిమిషాలు చూసి ఆటిజం అని రాశారు. మరొకరు గంటన్నర చూసి, భాషా రుగ్మతలా ఉంది, ఆటిజం సంగతి ఇంకా పరీక్షించాలి అన్నారు. మా వారు మొదటి కాగితం చించేశారు. ఇక ఏ పరీక్షలూ వద్దని, 'మాటలు ఆలస్యం' అని రాయించుకుంటే చాలని అంటున్నారు. వాళ్ళ నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయని, ఒకసారి ఆ పేరు పడితే జీవితాంతం పోదని మా అత్తగారు అంటారు. నేను ఉద్యోగానికి వెళ్తూ వాడిని ఫోనుకు వదిలేయడం వల్లే ఇలా అయిందేమోనని నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. అసలు ఈ రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది? ఏ పేరు రాయించుకుంటే మంచిది? మొన్న రాత్రి మేమిద్దరం దీని గురించే గొడవపడుతుంటే వాడు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. వాడికి అర్థం కాదులే అని సరిపెట్టుకున్నాం.

– ఒక తల్లి

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరంలో చివరి మాటలు నేను రెండుసార్లు చదివాను. వాటి దగ్గరకు తప్పక వస్తాను. ముందు మీరు అడిగినదానికి జవాబు చెప్పాలి.

పిల్లవాడిని చూడకుండా, ఉత్తరం చదివి ఇది ఆటిజం అనో కాదనో తేల్చడం తప్పు. ఆ పని నేను చేయను. అయితే స్పీచ్ థెరపిస్టుగా ఎన్నో ఏళ్ళు పిల్లల మధ్య గడిపినదాన్ని కాబట్టి, మీ ఉత్తరంలో ఏముందో, ఏం లేదో చెప్పగలను. బాబు మాటల గురించి వివరంగా రాశారు. మాటతో అవసరం లేనప్పుడు వాడు ఏం చేస్తాడో దాదాపు ఏమీ రాయలేదు. మీరు వెతుకుతున్న తేడా ఎక్కువగా కనిపించేది అక్కడే.

మాటలు ఎప్పుడు వచ్చాయి, ఎన్ని వచ్చాయి అన్నదాన్ని బట్టి ఆటిజాన్ని గుర్తుపట్టవచ్చని చాలామంది నమ్ముతారు. 1943లో ఆటిజం గురించి వివరంగా రాసి ప్రపంచం దృష్టికి తెచ్చిన డాక్టరు లియో కానర్ చూసిన 11 మంది పిల్లల్లో 8 మందికి మాటలు వచ్చాయి, ముగ్గురికి రాలేదు. మాటలు వచ్చినవారిలో కొందరు పెద్ద పెద్ద పాఠాలు అప్పజెప్పేవారు గానీ, ఎదుటివారితో మనసు పంచుకోవడానికి ఆ మాటలు వారికి అక్కరకు వచ్చేవి కావు. అమెరికన్ మనోవైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎం (మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే గ్రంథం) ఐదో కూర్పు మాటల ఆలస్యాన్ని ఆటిజం లక్షణాల్లోంచే తీసేసింది. ఇప్పుడు చూసేవి రెండు వైపులు. చూపు, సైగ, ముఖకవళికలు, ఒకరితో ఒకరు ఇచ్చిపుచ్చుకునే తీరులో తేడా ఒక వైపు. ఒకే పని, ఒకే ఆసక్తి, ఒకే వరుసను గట్టిగా పట్టుకోవడం, చప్పుడుకో వెలుతురుకో స్పర్శకో మరీ ఎక్కువగా లేదా మరీ తక్కువగా స్పందించడం రెండో వైపు. రెండూ ఉంటేనే ఆటిజం అంటారు. భాష ఎంత ఉందన్నది దానికి తోడుగా విడిగా రాస్తారు. అందుకే గలగలా మాట్లాడే పిల్లవాడికి ఆటిజం ఉండవచ్చు. నాలుగు మాటలు కూడగట్టుకోలేని పిల్లవాడికి అది లేకపోవచ్చు.

నేను పిల్లలతో తరచుగా చేసే ఒక పని చెబుతాను. సబ్బు బుడగలు ఊది, అవన్నీ పగిలిపోయాక సీసా మూత గట్టిగా బిగించి పిల్లవాడి చేతికి ఇస్తాను. ఒక బాబు మూత తిప్పి చూశాడు, రాలేదు. నా దగ్గరకు వచ్చి సీసా నా చేతిలో పెట్టి, మొహంలోకి చూసి, బుగ్గలు పూరించి ఊదినట్లు చేశాడు. బుడగలు రాగానే వాళ్ళమ్మ వైపు తిరిగి, పైకి వేలు చూపించి, మళ్ళీ నన్ను చూశాడు. ఒక్క మాట లేదు. కానీ అడగడం, అర్థం చెప్పడం, 'చూశావా అమ్మా' అనడం, అన్నీ ఉన్నాయి. మాట మాత్రం రాలేదు, అంతే. మరో బాబు నా మణికట్టు పట్టుకుని నా చేతిని తీసుకెళ్ళి మూత మీద పెట్టాడు. చూపంతా మూత మీదే. బుడగలు వచ్చాయి, వాడి ఆనందం పట్టలేనంత. చేతులు ఆడిస్తూ, ఒక బుడగ మీది రంగులను కంటి కొసతో చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. ఆ ఆనందాన్ని ఎవరితోనైనా పంచుకోవాలని వాడికి ఆ క్షణంలో తోచలేదు. ఇద్దరూ తెలివైనవాళ్ళే. ఇద్దరూ అమ్మను ప్రాణంగా చూసుకునేవాళ్ళే. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఆటిజం ఉన్న పిల్లలకు ప్రేమ తెలియదని ఇంకా చాలామంది అనుకుంటున్నారు. అది అబద్ధం.

ఒక్క బుడగల ఆట చూసి ఎవరూ నిర్ధారణ చేయరు, చేయకూడదు. కానీ మీరు ఇంట్లో చూడవలసినది ఎలాంటిదో దీన్నిబట్టి తెలుస్తుంది. పిల్లలు వేలు చూపించడంలో రెండు రకాలున్నాయి. 'అది కావాలి' అని చూపించడం ఒకటి, 'అది చూడు' అని చూపించడం మరొకటి. రెండోదానికి ప్రతిఫలంగా వాళ్ళకు దక్కేది మన చూపు ఒక్కటే. మామూలుగా ఏడాది దాటిన కొద్ది నెలల్లోనే అది మొదలవుతుంది. మీ బాబు చిన్నప్పుడు ఆకాశంలో విమానాన్నో, గోడ మీద పిల్లినో చూపించి మీరు చూశారో లేదోనని వెనక్కి తిరిగి చూసేవాడా? పాత వీడియోలు ఉంటే వెతకండి. అవి ఇప్పుడు చాలా విలువైనవి.

'మేము అన్న మాటే తిరిగి అంటాడు' అని రాశారు. బహుశా ఆ డాక్టరు పది నిమిషాల్లో ఆ నిర్ణయానికి రావడానికి ఇదొక కారణం అయి ఉంటుంది. తిరిగి అనడం ఆటిజంలో ఎక్కువగా కనిపిస్తుంది, నిజమే. అయితే ప్రశ్న అర్థం కాని పిల్లలెవరైనా అదే చేయవచ్చు. 'నీళ్ళు కావాలా?' అంటే 'నీళ్ళు కావాలా' అంటాడు, అది వాడి 'అవును'. 1980లలో బారీ ప్రిజంట్ వంటి పరిశోధకులు ఇలాంటి ప్రతిధ్వనులను జాగ్రత్తగా గమనించి, వాటి వెనుక తరచుగా ఒక ఉద్దేశం ఉంటుందని చూపించారు. మీరు గమనించవలసినది ఎప్పుడు అంటున్నాడన్నది. వాక్యం పొడవైనప్పుడే అంటాడా? మాట చిన్నది చేసి, సైగ జోడిస్తే మానేస్తాడా? లేక ఎప్పుడో విన్న కార్టూను వాక్యాన్ని అదే రాగంతో, సందర్భం లేకుండా అంటాడా?

అలాగే ఆట దగ్గర. వాడు పిల్లల దగ్గరకు ఉత్సాహంగా వెళ్తాడు, తర్వాత ఒంటరి అవుతాడు. ఎక్కడ జారిపోతున్నాడో ఒక సాయంత్రం కూర్చుని చూడండి. పరుగెత్తడం, బంతి తన్నడం ఉన్నంతసేపు అందరితో ఉండి, 'నువ్వు దొంగ, నేను పోలీసు, ఈ బెంచీ జైలు, ఇద్దరు దొరికితే ఆట అయిపోయినట్టు' అని నియమాలు మాటల్లోకి రాగానే వెనకబడుతున్నాడా? అలా అయితే వాడిని బయటకు నెట్టేస్తున్నది భాష. మాట లేని ఆటలో కూడా తనదైన వరుస తప్పితే తట్టుకోలేకపోతున్నాడా, ఎదుటి పిల్లవాడి మొహంలో విసుగు కనిపించినా గ్రహించడం లేదా? అప్పుడు ఆలోచించవలసిన దారి వేరు.

ఇప్పుడు భాషా రుగ్మత గురించి. ఇంగ్లీషులో డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్, డీఎల్‌డీ అని కుదించి రాస్తారు. వినికిడి లోపం, ఆటిజం, బుద్ధిమాంద్యం వంటి కారణమేదీ కనిపించకుండానే భాష నేర్చుకోవడంలో దీర్ఘకాలం ఇబ్బంది ఉండడం. ఇది సుమారు 7 శాతం పిల్లల్లో ఉంటుంది. 30 మంది ఉన్న తరగతిలో ఇద్దరు. ఆటిజం కంటే ఎక్కువ. అయినా ఈ పేరు విన్నవారు ఎంతమంది? దశాబ్దాల పాటు దీన్ని ఒక్కొక్కరు ఒక్కో పేరుతో పిలిచారు. డొరోతీ బిషప్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త ఆధ్వర్యంలో 57 మంది నిపుణులు కూర్చుని ఒక పేరు మీద ఒప్పందానికి వచ్చి ఆ ఫలితాలు ప్రకటించింది 2016, 2017లలో. పేరు తెలియని జబ్బుకు తెలిసిన పేరు అంటుకుంటుంది. మాట రాకపోతే ఆటిజం అంటారు, లేకపోతే మొండివాడు, సోమరి, చెప్పినమాట వినడు అంటారు. ఈ పిల్లలు చెప్పినమాట వినకపోవడం కాదు, వాళ్ళకు ఆ మాట అందడం లేదు. 'సంచి బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుని, వచ్చి కూర్చో' అంటే చివరి ముక్క ఒక్కటే చేతికి చిక్కుతుంది. వచ్చి కూర్చుంటాడు. సంచి వీపు మీదే ఉంటుంది. పెద్దవాళ్ళు తిడతారు.

అందుకని 'మాటలు ఆలస్యం' అని రాయించుకుంటే చాలనుకునే మీ వారికి ఒక విషయం చెప్పాలి. రెండేళ్ళప్పుడు మాటలు ఆలస్యమైన పిల్లల్లో కనీసం సగం మంది బడి వయసుకు తోటివారిని అందుకుంటారు. నాలుగేళ్ళు దాటాక కూడా, అందులోనూ అర్థం చేసుకోవడంలో ఇబ్బంది ఉన్నప్పుడు, అది తనంతట తాను సర్దుకుపోతుందని కూర్చోవడం మంచిది కాదు. మీ బాబు తక్కువ మాట్లాడటం కంటే, పెద్ద వాక్యం చెబితే నిలబడిపోవడం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. భాషా రుగ్మత ఆటిజానికి చిన్న తమ్ముడు కాదు. చదవడం, లెక్కల్లో మాటల ప్రశ్నలు, స్నేహాలు, అన్నిటి మీదా దాని నీడ పడుతుంది, చాలామందికి పెద్దయ్యాక కూడా ఉంటుంది. తొందరగా సాయం మొదలుపెడితే ఆ దారి చాలా తేలికవుతుంది.

ఈ రెండింటి మధ్య గోడ ఉందని అనుకోకండి. 1970లలో బ్రిటన్‌లో పిల్లల మనోవైద్యుడు మైకేల్ రట్టర్ బృందం ఆటిజం ఉన్న బాలురనూ తీవ్రమైన భాషా లోపం ఉన్న బాలురనూ పక్కపక్కన పెట్టి పరిశీలించింది. చిన్నప్పుడు తేడా బాగా కనిపించింది. వాళ్ళే పెద్దయ్యాక మళ్ళీ చూస్తే, భాషా లోపం ఉన్నవారిలోనూ మనుషులతో మెలగడంలో ఇబ్బందులు చాలానే బయటపడ్డాయి. బిషప్ 2008లో, చిన్నప్పుడు భాషా లోపం అని మాత్రమే రాసిన కొందరిని పెద్దయ్యాక ఇప్పటి పద్ధతులతో పరీక్షిస్తే వారిలో కొంతమందికి ఆటిజం లక్షణాలు సరిపోయాయి. ఆ రోజుల్లో చూసినవారు అజాగ్రత్తగా చూశారని కాదు, ఆటిజానికి అప్పటి హద్దులు ఇరుకు. పైగా ఆటిజం ఉన్న పిల్లవాడికి దానితోపాటు భాషలో తీవ్రమైన ఇబ్బంది కూడా ఉండవచ్చు. ఇన్ని తెలిసిన మనిషి గంటన్నర చూశాక కూడా 'ఇంకా పరీక్షించాలి' అన్నారంటే అది తడబాటు కాదు, నిజాయితీ. దయచేసి ఆ రెండోచోటికే వెళ్ళండి.

వెళ్ళేటప్పుడు మొదట వినికిడి పరీక్ష చేయించారో లేదో చూసుకోండి. పిలిస్తే పలుకుతున్నాడు కదా అంటే సరిపోదు. చెవిలో నీరు చేరితే కొన్ని శబ్దాలు వినిపిస్తాయి, కొన్ని వినిపించవు. ఆ తర్వాత అర్థం చేసుకోవడం, చెప్పడం విడివిడిగా పరీక్షించాలి. ఆటలో గమనించాలి. మీతో చిన్ననాటి వివరాలు మాట్లాడాలి, టీచరుతోనూ మాట్లాడాలి. ఆటిజాన్ని తేల్చే రక్తపరీక్ష గానీ స్కానింగు గానీ లేవు. మనిషి కూర్చుని చూడవలసిందే. ఇంకొక్కటి: వచ్చిన మాటలు ఎప్పుడైనా పోయాయా? మీరు రాయలేదు కాబట్టి పోలేదనే అనుకుంటున్నాను. ఒకవేళ పోయి ఉంటే, లేదా ఇకముందు పోతే, ఆగకుండా డాక్టరుకు చెప్పండి. 1957లో ల్యాండౌ, క్లెఫ్నర్ అనే ఇద్దరు వివరించిన ఒక అరుదైన మూర్ఛ వ్యాధిలో, బాగా మాట్లాడే పిల్లలు మాట కోల్పోతారు. దాన్ని పట్టుకోవాలంటే నిద్రలో మెదడు తరంగాల పరీక్ష చేయాలి.

ఇక మీ వారు చించేసిన కాగితం. పది నిమిషాల కాగితాన్ని నమ్మకపోవడం సబబే. కానీ ఆయన చించింది అది తొందరపాటుగా రాసినందుకు కాదేమో, దాని మీద ఉన్న మాట చదవలేక అయి ఉండవచ్చు. ఆ భయం ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే నాకు కోపం వస్తుంది. ఆయన మీద కాదు. తల్లి మనసు చల్లగా, ప్రేమ లేకుండా ఉంటే బిడ్డకు ఆటిజం వస్తుందని ఒకప్పుడు వైద్యలోకమే చెప్పింది. బ్రూనో బెటల్‌హైమ్ వంటివారు 1960లలో దాన్ని ఊరూరా ప్రచారం చేశారు. ఆటిజం ఉన్న కొడుకును పెంచుతున్న బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే మనస్తత్వవేత్త 1964లోనే అది తప్పని, మూలం మెదడు ఎదుగుదలలో ఉందని వాదించాడు. 1977లో ఫోల్‌స్టైన్, రట్టర్ కవలలను పరిశీలించి వంశపారంపర్యం ఎంత బలమైనదో చూపించారు. అప్పటికే ఒక తరం తల్లులు తమ బిడ్డను తామే పాడుచేశామనుకుంటూ బతికారు. మీ నిద్ర చెడగొడుతున్నది ఆ పాత నిందే, వేషం మార్చుకుని వచ్చింది. మీ ఉద్యోగం వల్ల ఆటిజం రాదు, భాషా రుగ్మతా రాదు. ఫోను వల్ల ఇంట్లో మాటామంతీ తగ్గుతుంది, అందుకోసం ఫోను తగ్గించండి. చేసిన నేరానికి శిక్షగా మాత్రం కాదు.

మీ అత్తగారు చెప్పిన మాట కూడా కొట్టిపారేయవద్దు. తండ్రికి మాటలు ఆలస్యమన్నది పరీక్ష చేసేవారికి చాలా అవసరమైన సమాచారం. ఆటిజం, భాషా రుగ్మత రెండూ కుటుంబాల్లో నడుస్తాయి. ఆయనకు చదవడం ఎలా వచ్చిందో, బడిలో ఎన్ని దెబ్బలు తిన్నారో ఆవిడను మెల్లగా అడగండి. బహుశా మీ వారు ఆ కాగితంలో కొడుకుతోపాటు తననూ చూసుకుని ఉంటారు.

'ఏ పేరు రాయించుకుంటే మంచిది?' అన్నారు. ఉన్నదాన్ని చెప్పే పేరు. ఆటిజం ఉండి దాన్ని దాచి 'మాటలు ఆలస్యం' అని రాయిస్తే, థెరపీలో మాటలే నేర్పుతారు. తరగతి గదిలో గోల భరించలేక వాడు చెవులు మూసుకుంటే, రోజూ వచ్చే టీచరు మారిన రోజున నేల మీద పడి ఏడిస్తే, అల్లరి అని దండిస్తారు. ఎందుకో ఎవరికీ తెలియదు, వాడికి అసలే తెలియదు. ఆటిజం లేకుండా ఆ పేరు రాస్తే, స్నేహితుల కోసం తహతహలాడే పిల్లవాడిని 'వీడు ఒంటరిగా ఉండే రకం' అని వదిలేస్తారు. వాక్యం కట్టడం నేర్పేవారు ఉండరు.

మరో మాట, కొంచెం బాధతోనే చెబుతున్నాను. పరీక్ష గది బయట బెంచీ మీద కూర్చుని 'మావాడికి అది కాదట, హమ్మయ్య' అని ఫోనులో చెప్పుకునే తల్లిదండ్రులను చూశాను. పక్క కుర్చీలో 'అది' ఉన్న పిల్లవాడు, వాడి చేయి పట్టుకుని వాళ్ళ నాన్న ఉంటారు. మీకు ఏ ఫలితం వచ్చినా, ఆ రెండో కుటుంబం వింటోందని గుర్తుపెట్టుకోండి.

ఎవరికి చెప్పాలి? టీచరుకు చెప్పండి, ఏం చేయాలో కూడా కలిపి చెప్పండి: ఒకసారికి ఒక్క పని చెప్పండి, చేత్తో చూపించండి, జవాబుకు ఆగండి అని. ఇంట్లోవారికి చెప్పండి. ఇరుగుపొరుగుకు, దూరపు బంధువులకు మీరు సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. అది బాబు సొంత విషయం. దాపరికం వేరు, గుట్టు వేరు. బిడ్డకు అందవలసిన సాయం ఆగిపోతుంటే అది దాపరికం.

పేరు తేలేదాకా థెరపీ ఆపవద్దు. వాడు దేన్ని చూస్తున్నాడో దాని గురించే మాట్లాడండి. 'బంతి పోయింది' అంటే 'బంతి మంచం కిందికి పోయింది' అని ఒక మెట్టు పెంచి అనండి, తిరిగి చెప్పమని బలవంతం వద్దు. ప్రశ్నలు తగ్గించండి. మీ మాట అయ్యాక మనసులో పది లెక్కపెట్టి ఆగండి. ఆ మౌనం మీకు కష్టంగా ఉంటుంది, వాడికి అదే సందు. 'చెబితేనే ఇస్తాను' అని వస్తువు పైకెత్తి పట్టుకోకండి. బొమ్మలు, సైగలు వాడితే మాట రాదన్నది అపోహ, అవి మాటకు దారి వేస్తాయి. ఇంట్లో రెండు భాషలు ఉంటే దేన్నీ మానేయనక్కర్లేదు. మీ వారితో వాదించడం కంటే, ఈ రెండు వారాలు బాబు ఆటను వీడియో తీసే పని ఆయనకు అప్పగించండి. డాక్టరుకు చూపించడానికి కావాలని చెప్పండి. కెమెరాలోంచి చూస్తే ఆయనకే చాలా కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. వాక్యం అందని పిల్లవాడికి గొంతు అందుతుంది, మొహం అందుతుంది, తన పేరు అందుతుంది. మాటలు దొరకని పిల్లలు తక్కినవాటిని పట్టుకుని అర్థం చేసుకోవాలని చూస్తారు. వాడికి తెలిసింది బహుశా ఇంతే: అమ్మా నాన్నా అరుచుకుంటున్నారు, మధ్యలో నా పేరు వస్తోంది. ఈ రాత్రి వాడి పక్కన కూర్చుని, మొహం కనిపించేలా వంగి, ఒక్కో వాక్యం తర్వాత ఆగుతూ చెప్పండి. 'అమ్మా నాన్నా అరిచారు. నీకు భయం వేసింది. నీ తప్పు కాదు.' వాడు ఏమీ అనకపోవచ్చు. లేదా మీ కళ్ళలోకి చూసి, మీరు అన్నట్టే, 'నీ తప్పు కాదు' అని తిరిగి అనవచ్చు. అననివ్వండి.